క్యాంపస్ గేటు పక్కన గజం ధర: అందులో అద్దె ఎంత, ఆశ ఎంత?

పటాన్‌చెరు దాటి ముంబై హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్తుంటే వెంచర్ల హోర్డింగులు వరసగా కనిపిస్తాయి. చాలావాటి మీద ఒకటే మాట: ‘ఐఐటీకి పది నిమిషాలు’. ఆ పది నిమిషాలు ఏ వేళ, ఎంత స్పీడులో కొలిచారో అడక్కూడదు. అమరావతిలో ఐఐటీ బదులు వీఐటీ, ఎస్ఆర్ఎం పేర్లుంటాయి. తిరుపతి–శ్రీకాళహస్తి రోడ్డు మీద ఏర్పేడు దగ్గర ఐఐటీ, కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్ రెండూ ఉన్నాయి కాబట్టి బ్రోచర్‌లో రెండు బొమ్మలు పడతాయి. 2025 జులైలో అమరావతికి బిట్స్ క్యాంపస్ వస్తోందన్న ప్రకటన వెలువడ్డాక, ‘యూనివర్సిటీ వస్తే రేటు పెరుగుతుంది కదా’ అన్న మాట మళ్లీ మొదలైంది.

పెరుగుతుందా అంటే, సాధారణంగా పెరుగుతుంది. కానీ ఏ ధర పెరుగుతుంది, ఎప్పుడు పెరుగుతుంది, ఎవరి చేతిలో ఉండగా పెరుగుతుంది అన్నవి మూడూ వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే ఇంత గందరగోళం.

ఒకే భూమికి మూడు ధరలు

మొదటిది ప్రభుత్వ పుస్తకంలో ఉండే ధర. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దీన్ని ‘మార్కెట్ విలువ’ అంటారు. పేరు అలా ఉన్నా, చాలా ఊళ్లలో ఇది మార్కెట్ ధర కంటే బాగా తక్కువ. స్టాంపు డ్యూటీ దీని మీద గానీ, దస్తావేజులో రాసిన ధర మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద లెక్కగడతారు. రెండోది నిజంగా చేతులు మారిన డబ్బు. దస్తావేజులో రాసేది ఒకటి, ఇచ్చి పుచ్చుకునేది ఇంకొకటి అయినప్పుడు ఈ ధర ఏ రికార్డులోనూ దొరకదు. మూడోది చెప్పే ధర. టీ కొట్టు దగ్గర ‘ఎకరం రెండు కోట్లు పలుకుతోంది’ అంటే, ఆ ధరకు అమ్ముతామనేవాళ్లు ఉన్నారని అర్థం. కొన్నవాళ్లు ఉన్నారని కాదు.

క్యాంపస్ వార్త రాగానే ముందు ఎగిరేది మూడో ధర. దాని వెనక కొన్నాళ్లకు రెండోది కదులుతుంది. మొదటిది ప్రభుత్వం సవరించినప్పుడే మారుతుంది. ఎవరైనా ‘ధర మూడింతలైంది’ అంటే అది వీటిలో ఏదో ముందు తేల్చుకోవాలి.

కొలతల్లోనూ తికమక ఉంది. పొలంగా అమ్మేటప్పుడు ఎకరాల్లో, సెంట్లలో, తెలంగాణలో అయితే గుంటల్లో మాట్లాడతారు. ప్లాటుగా మారాక గజాల్లో, తిరుపతి, నెల్లూరు వైపు అంకణాల్లో మాట్లాడతారు. ఎకరం 4,840 గజాలు. లేఅవుట్ వేస్తే రోడ్లకు, పార్కుకు, ఉమ్మడి స్థలానికి పోను చేతికి మిగిలేది అందులో సగం నుంచి అరవై శాతం దాకా. కాబట్టి ‘పొలం గజం వెయ్యి, ప్లాటు గజం ఐదు వేలు’ అన్నప్పుడు మధ్య తేడా అంతా యూనివర్సిటీ మహిమ కాదు. అందులో పోయిన నేల ఉంది, రోడ్ల ఖర్చు ఉంది, భూ వినియోగ మార్పిడికి కట్టిన ఫీజు ఉంది, వెంచర్ వేసినవాడి లాభమూ ఉంది.

ప్రకటన వచ్చిన రోజు, గేటు తెరిచిన రోజు

ప్రకటనకూ సొంత క్యాంపస్‌కూ మధ్య చాలా ఏళ్లు పడుతుంది. హైదరాబాద్ ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది. కందిలోని సొంత క్యాంపస్‌కు మారేసరికి 2015 వచ్చింది. తిరుపతి ఐఐటీ 2015లో మొదలైతే, శాశ్వత ప్రాంగణాన్ని ప్రధాని జాతికి అంకితం చేసింది 2024 ఫిబ్రవరిలో.

మధ్యలో స్థలమే మారిపోవచ్చు. 2014 విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన హామీల్లో గిరిజన విశ్వవిద్యాలయం ఒకటి. విజయనగరం జిల్లాలో దానికి మొదట అనుకున్నది కొత్తవలస మండలం రెల్లి. తర్వాత అది మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు మారింది. 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది అక్కడే. రెల్లి చుట్టూ యూనివర్సిటీని నమ్ముకుని ఎవరైనా కొని ఉంటే, వాళ్లకు మిగిలింది ఇదివరకటి భూమే.

సరే, స్థలం మారలేదు, అంతా సవ్యంగానే జరిగింది అనుకుందాం. అప్పుడు కూడా లాభం అందరికీ ఒకేలా రాదు. ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. ప్రకటనకు ముందు ఎకరం 40 లక్షలు. ప్రకటన వచ్చిన నెలలోనే 60 లక్షలైంది. పదేళ్లకు, క్యాంపస్ పూర్తిగా నడుస్తున్నప్పుడు, కోటి అయింది. ఊళ్లో అందరూ ‘40 లక్షల భూమి కోటి అయింది’ అనే చెప్పుకుంటారు.

పాతకాలం నుంచి పొలం ఉన్న రైతుకు పదేళ్లలో 40 లక్షలు కోటి అయింది. ఏడాదికి సుమారు 9.6 శాతం పెరుగుదల. వార్త విని 60కి కొన్నవాడికి ఏడాదికి వచ్చింది 5.2 శాతమే. అదే 60 లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి కదపకుండా ఉంచితే పదేళ్లకు కోటీ 18 లక్షలయ్యేది. ‘ఐఐటీ పక్కన భూమి కొన్నాను, కోటి అయింది’ అని చెప్పుకునేవాడు నిజానికి ఎఫ్‌డీ కంటే 18 లక్షలు వెనకబడ్డాడు. ఒకే భూమి, ఒకే క్యాంపస్. తేడా అంతా కొన్న రోజుది. పెరుగుదలలో మూడో వంతు మొదటి నెలలోనే అయిపోయింది, అది వార్త ముందే తెలిసినవాళ్లకో, అమ్మకుండా కూర్చున్నవాళ్లకో దక్కింది.

అద్దె ఎంత ధరను మోయగలదు

ఆశ పక్కన పెట్టి, క్యాంపస్ వల్ల నిజంగా వచ్చే ఆదాయం చూద్దాం. అది ప్రధానంగా అద్దె. గేటు దగ్గర 200 గజాల స్థలంలో మూడంతస్తులు వేసి 12 గదులు కట్టారనుకోండి. కట్టడానికి 50 లక్షలు. గదికి నెలకు 5,000 అద్దె. ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు ఖాళీ. ఏడాదికి వచ్చేది 6 లక్షలు. పన్నులు, మోటారు, రిపేర్లు, సున్నాలకు లక్ష తీసేస్తే మిగిలేది 5 లక్షలు.

పెట్టిన డబ్బు మీద 8 శాతం రావాలని యజమాని కోరుకుంటే, స్థలం, బిల్డింగు కలిపి 62.5 లక్షలకు మించి పెట్టకూడదు. బిల్డింగుకు 50 పోతే స్థలానికి మిగిలేది 12.5 లక్షలు, అంటే గజం 6,250. అక్కడ గజం 20,000 పలుకుతుంటే, అద్దె మోస్తున్నది 6,250. మిగతా 13,750 రేపటి మీద ఆశ.

ఇప్పుడు అద్దెను కొంచెం కదిపి చూడండి. గది 6,000కి వెళ్తే ఖర్చులు పోను 6.2 లక్షలు మిగులుతాయి, స్థలం విలువ 27.5 లక్షలవుతుంది. అద్దె పెరిగింది 20 శాతం, స్థలం విలువ రెండింతలు దాటింది. అదే యూనివర్సిటీ లోపల కొత్త హాస్టల్ బ్లాకు కట్టి, బయట గది 4,000కి పడిందనుకోండి. మిగిలేది 3.8 లక్షలు. స్థలం, బిల్డింగు కలిపి విలువ 47.5 లక్షలు. బిల్డింగుకే 50 పెట్టాం. లెక్క ప్రకారం స్థలం విలువ సున్నా కంటే తక్కువ!

అలాగని ఎవరూ స్థలం ఊరికే ఇచ్చేయరు. కానీ భూమి ధర ఎందుకంత ఊగుతుందో ఈ లెక్కలో కనిపిస్తుంది. ఇటుక, సిమెంటు, కూలీ ధరలు క్యాంపస్‌ను చూసి మారవు. అద్దెలో చిన్న మార్పు వచ్చినా ఆ బరువంతా వచ్చి నేల మీదే పడుతుంది.

హాస్టల్ లోపలా, బయటా?

ఏ యూనివర్సిటీ చుట్టూ అద్దెలు బలంగా ఉంటాయి అన్నది ర్యాంకు బట్టి ఉండదు. విద్యార్థి రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఉస్మానియా 1918లో పుట్టింది. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939లో ప్రారంభించారు. క్యాంపస్ గోడ అవతల విద్యానగర్, అడిక్‌మెట్, రాంనగర్, నల్లకుంట, తార్నాక. చదువు అయిపోయినా గది ఖాళీ చేయని ఊరు అది. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఆ చుట్టుపక్కలే ఉండిపోయేవాళ్లు ఎందరో. యూనివర్సిటీ రిజిస్టర్‌లో వాళ్ల పేర్లు ఉండవు, కానీ మెస్సుల్లో, జిరాక్స్ షాపుల్లో, టిఫిన్ బండ్ల దగ్గర ఉంటారు. ఇంటి యజమానికి కావలసింది వాళ్లే. అమీర్‌పేట సంగతి ఇంకా తమాషా. అక్కడ యూనివర్సిటీయే లేదు. సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లే హాస్టళ్ల బజారును నిలబెట్టాయి.

ఐఐటీ పద్ధతి ఇందుకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. విద్యార్థులు లోపలే ఉంటారు, తిండి లోపలే, ప్రొఫెసర్ల క్వార్టర్లు లోపలే, ఆటస్థలం లోపలే. బయట గది కోసం వెతికేది ఎక్కువగా సెక్యూరిటీ గార్డులు, మెస్ సిబ్బంది, హౌస్‌కీపింగ్ వాళ్లు, కట్టడం పనికి వచ్చిన కూలీలు. వాళ్ల జీతాలకు తగ్గ అద్దెలే పక్క ఊళ్లలో ఉంటాయి. చిత్రమేమిటంటే, పేరు ఎంత పెద్దదైతే హోర్డింగు మీద అక్షరాలు అంత పెద్దవి. గోడ ఎంత పూర్తిగా ఉంటే బయటికి వచ్చే అద్దె అంత తక్కువ.

కంది: ఐఐటీ వల్లా, రింగ్ రోడ్డు వల్లా?

హైదరాబాద్ ఐఐటీ సుమారు 576 ఎకరాల్లో ఉంది. ఆ చుట్టూ భూమి ధరలు 2008 నాటితో పోలిస్తే బాగా పెరిగాయన్నది ఎవరూ కాదనరు. అయితే ఆ ఏళ్లలో అక్కడ జరిగింది ఐఐటీ ఒక్కటే కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ముక్కలు ముక్కలుగా తెరుచుకుని ముత్తంగి దగ్గర ముంబై హైవేను కలిసింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వీటన్నిటి మీదా హైదరాబాద్ పడమటి వైపు ఐటీ డబ్బు పొంగుతూ వచ్చింది.

పెరిగిన ధరలో ఐఐటీ వాటా ఎంతో తేల్చడానికి ఆర్థికవేత్తలు వాడే పద్ధతి చెప్పడానికి సులువే. ఐఐటీ తప్ప మిగతావన్నీ ఒకేలా ఉన్న మరో ఊరిని ఎంచుకోవాలి: అదే హైవే, రింగ్ రోడ్డుకు అంతే దూరం, అలాంటి నేలలే. రెండు ఊళ్లలో ప్రకటనకు ముందు ధర, తర్వాత ధర తీసుకోవాలి. కందిలో ఎకరం 20 లక్షల నుంచి 100కి, పోలిక ఊళ్లో 20 నుంచి 80కి వెళ్లిందని ఊహిస్తే, ఐఐటీ వల్ల వచ్చింది 20 లక్షలే. మిగతా 60 ఎలాగూ వచ్చేది. చెప్పినంత తేలిక కాదు చేయడం. నిజంగా అలాంటి జంట ఊరు దొరకదు, రిజిస్ట్రేషన్ పత్రాల్లోని అంకెలు అసలు ధరలు కావు. అందుకే ‘యూనివర్సిటీ వల్ల ఇంత శాతం’ అని ఎవరైనా కచ్చితమైన అంకె చెబితే, పోలికకు ఏ ఊరు తీసుకున్నారని అడగాలి.

గచ్చిబౌలి: పాతికేళ్లు కదలని నేల

యూనివర్సిటీ ఒక్కటే ధర పెంచగలదా అన్న చర్చకు మన దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ప్రాంతీయ ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఏర్పడింది. మొదట్లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. గచ్చిబౌలిలో దానికి ఇచ్చిన భూమి 2,300 ఎకరాల పైమాటే. అంత భూమి ఎలా ఇచ్చారంటే, అప్పట్లో అది ఊరికి దూరంగా రాళ్లూ గుట్టలూ ఉన్న చోటు కాబట్టి.

తర్వాతి రెండు దశాబ్దాలు పైగా యూనివర్సిటీ నడిచింది, పరిశోధనలు జరిగాయి. పక్క భూమి మాత్రం నగరం శివారుగానే ఉండిపోయింది. కదలిక వచ్చింది 1998లో: సైబర్ టవర్స్ తెరిచారు, ట్రిపుల్ ఐటీ గచ్చిబౌలిలో మొదలైంది. 2001లో బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ వచ్చింది. ఆపై మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల క్యాంపస్‌లు, 2008లో గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య ఔటర్ మొదటి ముక్క. పక్కనే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. ఒక వాదన: పాతికేళ్లు యూనివర్సిటీ ఉన్నా ధర కదలలేదు, ఉద్యోగాలూ రోడ్లూ వచ్చాకే కదిలింది. కాబట్టి క్యాంపస్‌ను చూసి కొనేవాళ్లు పొరబడుతున్నారు. రెండో వాదన: సెంట్రల్ యూనివర్సిటీ కోసం పెద్ద భూమి ఒకే చోట ప్రభుత్వం చేతిలో ఉండటం, ఆ దారిన రోడ్డు, కరెంటు పడటం, ఆ పక్కనే ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీలకు చోటివ్వడం ఒకదానికొకటి కలిసొచ్చాయి. కంపెనీలకు కావలసింది చదువుకున్నవాళ్లు దొరికే చోటు కాబట్టి విద్యాసంస్థలు లేకపోతే ఐటీ అటు వచ్చేదే కాదు.

నాకైతే రెండో వాదనలో కొంత నిజం ఉందనిపిస్తుంది. కానీ అందులో కాలం లెక్క లేదు. పంట చేతికి రావడానికి పాతికేళ్లు పడితే, మొదటి ఏడాది అప్పు చేసి కొన్నవాడి గతి ఏమిటి?

అమరావతి: క్లాసులు ఆగలేదు, ధర ఆగింది

గచ్చిబౌలిలో క్యాంపస్ ముందు, ఊరు తర్వాత. అమరావతిలో ఊరి ప్లాను ముందు గీసి, అందులో క్యాంపస్‌లు పెట్టారు. 2015లో ల్యాండ్ పూలింగ్ కింద రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట భూమి ఎకరానికి 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు, జరీబు (నీటి వసతి బాగా ఉన్న) భూమికి 1,000, 450 గజాలు తిరిగి ఇస్తామన్నారు. పదేళ్ల పాటు కౌలు కూడా. 2017లో ఐనవోలులో వీఐటీ, నీరుకొండలో ఎస్ఆర్ఎం తరగతులు మొదలుపెట్టాయి.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. అప్పటి నుంచి జరిగింది ఎవరూ కావాలని చేయని ప్రయోగం లాంటిది. రాజధాని పనులు ఆగాయి, కానీ యూనివర్సిటీలు ఆగలేదు. ఏటా కొత్త బ్యాచ్‌లు వచ్చాయి, భవనాలు లేచాయి. యూనివర్సిటీయే ధరను నిలబెట్టేదైతే ఆ చుట్టుపక్కల ప్లాట్లు నిలబడాలి. నిలబడలేదు. ధరలు బాగా పడిపోయాయి, కొనేవాళ్లే కరువయ్యారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు రైతుల వైపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక ధరలు మళ్లీ లేచాయి. ఆ నెలలో యూనివర్సిటీల్లో కొత్తగా ఏమీ మారలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రైతుకు తిరిగి వచ్చిన ప్లాటు కాగితం మీద ఉంది. రోడ్డు, కరెంటు, డ్రైనేజీ లేని చోట హాస్టల్ కట్టలేడు. పూలింగ్‌లో గ్రామకంఠాలను వదిలేశారు కాబట్టి ఊళ్లో ఇల్లున్నవాడు గది వేసి అద్దెకు ఇవ్వగలడు. పొలమిచ్చి ప్లాటు కాగితం తీసుకున్నవాడికి అద్దె రాదు, ఆశ మాత్రమే ఉంటుంది. రాజకీయం మారినప్పుడు ఊగింది ఆ ఆశే. పిల్లలకు కావలసిన షాపింగు, సినిమా అవసరాలు మంగళగిరి, విజయవాడల వైపు పోయాయి.

గేటు లోపలి భూమి ఎవరిది?

క్యాంపస్ కోసం భూమి ఇచ్చినవాడు పక్క భూమి పెరుగుదలను చూడగలడు, అనుభవించలేడు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారానికి ఆధారం అంతకు ముందు మూడేళ్ల రిజిస్ట్రేషన్లు. వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, లేదా స్టాంపుల చట్టం కింద నిర్ణయించిన విలువ, ఏది ఎక్కువైతే అది. గ్రామాల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో పెంచి, ఆ మొత్తానికి అంతే సొమ్ము సొలేషియంగా, అంటే భూమి పోయినందుకు అదనపు పరిహారంగా కలుపుతారు.

వినడానికి బాగుంది. ఒక లెక్క వేయండి. అసలు ధర ఎకరం 40 లక్షలు, స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి ఊరంతా దస్తావేజుల్లో 15 లక్షలే రాసుకున్నారు. గుణకం 1.25 అనుకుంటే 18.75 లక్షలు, సొలేషియంతో 37.5. రెట్టింపు చేసినా అసలు ధరకు చేరలేదు. పక్క పొలం మరుసటి నెల 60 అవుతుంది. స్టాంపు డ్యూటీలో మిగిలిందనుకున్నది ఇక్కడ పోయింది, అదీ ఎక్కువసార్లు వేరేవాళ్లు రాసుకున్న దస్తావేజుల వల్ల.

అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమి ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన 1977 చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించింది; ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని కొంత సడలించారు. క్యాంపస్ వార్త వచ్చాక నిషేధం ఉన్న భూమికీ స్టాంపు పేపరు మీద బేరాలు నడుస్తాయి. అమ్మేవాడికి సగం ధర కూడా రాదు, కొన్నవాడికి హక్కు రాదు.

ధర పెరిగి క్యాంపస్ మీదికే వస్తే

ఇంతవరకు క్యాంపస్ భూమి ధరను ఏం చేస్తుందో చూశాం. భూమి ధర క్యాంపస్‌ను ఏం చేస్తుందో కంచ గచ్చిబౌలి చూపించింది. 1974 తర్వాత సెంట్రల్ యూనివర్సిటీ చేతిలో ఉన్న భూమిలోంచి 400 ఎకరాలను ప్రభుత్వం 2003లో ఐఎంజీ భారత అనే సంస్థకు క్రీడా ప్రాజెక్టు కోసం కేటాయించింది. 2006లో ఆ ఒప్పందం రద్దయింది. కోర్టు కేసులు 2024 దాకా నడిచి, చివరికి ప్రభుత్వం గెలిచింది. అప్పటికి ఆ చుట్టూ ఎకరం ధర పదుల కోట్లు దాటిపోయింది.

2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ 400 ఎకరాలను వేలానికి సిద్ధం చేస్తూ చెట్లు కొట్టించడం మొదలుపెట్టింది. భూమి తనదేనని, బదులుగా 2004లోనే యూనివర్సిటీకి గోపనపల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని వాదించింది. విద్యార్థులు బుల్డోజర్ల ముందు నిలబడ్డారు. రికార్డుల్లో పేరు ఏదైనా అది అడవి, జింకలూ నెమళ్లూ ఉన్న చోటు అన్నది వాళ్ల మాట. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపేయమని ఆదేశించింది. 1970ల్లో ఎవరికీ అక్కర్లేదని యూనివర్సిటీకి ఇచ్చిన రాళ్ల నేల అది.